నాపరాళ్ల గనిలో నేర్చిన గొంతు

పోయిన నెల మా ఊరి చర్చికి కొత్త కప్పు వేసి, ఆరాధనకు రమ్మని పిలిస్తే బేతంచెర్ల వైపు పోయొచ్చాను. కారు మా మనవరాలు నడిపింది. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా ఆపమని, మా నాయన పనిచేసిన నాపరాళ్ల గని దగ్గర దిగాను. ఆ గనిని వదిలేసి శానా ఏండ్లయింది. సగం దాకా వాన నీళ్లు నిలిచి, అంచుల్లో తుమ్మచెట్లు మొలిచాయి. పక్కనే కొత్త గనిలో యంత్రం బండలు కోస్తోంది. ఆ రొదలో మనవరాలు నా చెవి దగ్గరికి వచ్చి, "ఏం చూస్తున్నావు అవ్వా?" అని అడిగింది. "నేను పాట నేర్చుకున్న బడి" అన్నాను. ముసలామె తమాషాకు అంటోందనుకుని నవ్వింది. నలభై ఏండ్లు నాటకాల్లో పాడినదాన్ని, అంతకంటే ఎక్కువ కాలం పిల్లలకు గొంతు నేర్పినదాన్ని ఒక గుంతను చూపించి బడి అంటే ఎవరైనా నవ్వుతారు. ఆమెకు కారులో చెప్పడం మొదలుపెట్టిందే ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన పేరు దేవదానం. పొద్దు పొడవక ముందే గడారి భుజాన వేసుకుని గనికి పోయేవాడు. బండను పొరలు పొరలుగా లేపడం ఆ పని. సమ్మెట దెబ్బ పడాల్సిన చోటును చెవితోనే పట్టేవాడు. బండ ఖంగుమంటే మంచి రాయి, బొదబొదమంటే లోపల పగులుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మనిషి నెత్తి నుంచి పాదాల దాకా బూడిద రంగులో ఉండేవాడు. వాకిట్లో అమ్మ నీళ్లు పోస్తుంటే ఆ తడిసిన రాతిపొడి వాసన ఇల్లంతా కమ్ముకునేది. ఇప్పటికీ తొలి వాన పడితే నాకు మట్టి వాసన కాదు, మా నాయన వాసనే వస్తుంది. ఆయనకు చదువు అంతంత మాత్రమే. అయినా కీర్తనలన్నీ నోటికొచ్చు. ఆదివారం చర్చిలో ముందు నిలబడి పాట ఎత్తేది ఆయనే. వారమంతా వంగి పనిచేసే మనిషి ఆ ఒక్క పూట నిటారుగా నిలబడేవాడు. ఇస్త్రీ లేని తెల్లచొక్కా, నూనె రాసి అణిచిన జుట్టు, కళ్లు మూసుకుని తల కొంచెం పైకెత్తడం. మా అమ్మ ఆయన్ను చూసి మురిసిపోయేది ఆ పూటే.

మధ్యాహ్నం సద్ది మోసుకుపోవడం నా పని. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎర్రకారం గుడ్డలో కట్టి అమ్మ ఇచ్చేది. ఆడపిల్ల గనిలోకి దిగకూడదని నాయన కట్టడి. అందుకని అంచున నిలబడి, "నాయనా, సద్ది తెచ్చినా!" అని పిలిచేదాన్ని. కింద అన్ని సమ్మెటలు మోగుతున్నా ఆయన తలెత్తి చూసేవాడు. ఒక దినం నేనట్లా పిలిచినప్పుడు, వెనక ఎద్దులబండిలోంచి ఒక ఆడమనిషి దిగింది. నల్లగా, ఎత్తుగా, ముక్కుకు రెండు పక్కలా బేసరులు. మగవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తోంది. వసారాలో పరిచేందుకు బండలు చూసుకోడానికి వచ్చిందట.

"ఇంకోసారి పిలువు మే" అంది నాతో.

పిలిచాను. ఆమె గని అడుగు వైపు, మళ్లీ నా వైపు చూసింది. పైకెక్కి వచ్చిన మా నాయనతో, "ఏమప్పా, ఈ పిల్ల నీ కూతురా? గొంతు యాడ నేర్చింది?" అని అడిగింది.

"నేర్చేదేముందమ్మా, నన్ను పిలిచి పిలిచి అట్లయింది."

"నా కాడికి పంపు. నేర్పిస్తా. దుడ్లేమీ వద్దు."

ఆమె ఓబులమ్మ. బళ్లారి నుంచి కడప దాకా నాటకాలు చూసేవాళ్లకు ఆ పేరు తెలుసు. చిన్నతనం నుంచి నాటక కంపెనీల్లో మగవేషాలు కట్టి, పద్యాలు పాడి, వయసు మళ్లాక బేతంచెర్ల సంత వీధిలో మిద్దె కొనుక్కుని స్థిరపడింది. మా నాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని శానాసేపు మోకరించాడు. సోమవారం పొద్దున తనే నా చేయి పట్టుకుని తీసుకుపోయాడు.

మా వాళ్లు ఆ వీధిలో ఇండ్ల వాకిలి దాటేది లేదు. అందుకని మొదటి దినం నేను బయటే నిలబడిపోయాను. ఓబులమ్మ లోపల నుంచి, "లోపలికి రా మే. బయట నిలబడితే నీ గొంతు గూడా బయటే నిలబడతాది" అని కేకేసింది. ఎదురింటామె ముఖం చిట్లించి ఏదో అంటే, "నా ఇల్లు, నా కుండ, నా నీళ్లు. నీ కుండ ముట్టుకున్నప్పుడు చెప్పు" అని తలుపు దగ్గరికి వేసింది. అప్పటి నుంచి ఆమెను పెద్దమ్మా అని పిలిచాను.

ఆ ఇంట్లో ఎప్పుడూ సాంబ్రాణి, ఎండిన వేపాకు కలిసిన వాసన. వేషం బట్టలకు పురుగు పట్టకుండా పెట్టెల్లో వేపాకు పరిచేది. పొద్దున్నే గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. నన్నూ మాట్లాడనిచ్చేది కాదు. నాకు ప్రాణమైన వేయించిన శెనక్కాయలు మాన్పించింది. నాకోసం పాఠమంటూ ప్రత్యేకంగా కూర్చున్నది తక్కువ. ఆమె చేటలో కొర్రలు చెరుగుతుంటే ఎదురుగా నిలబడి నేను షడ్జం పట్టాలి. చేట ఆగేదాకా స్వరం తెగకూడదు. నేను అలిసిపోతున్నానని తెలిసీ గుప్పెడు కొర్రలు మళ్లీ వేసుకునేది. పద్యం చెప్పేటప్పుడు రాగం ముట్టుకోనిచ్చేది కాదు. ముందు దాన్ని ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాలి. కోపంగా ఉంటే కోపంగా, బతిమాలితే బతిమాలినట్టు. "మాట తినొద్దు మే. రాగం నీదే, ఎంతసేపన్నా తీసుకో. మాట మాత్రం జనాలది. వాళ్లది వాళ్లకియ్యి" అనేది.

గనికి తీసుకుపోయిందీ ఆమే. మధ్యాహ్నం పనివాళ్లు సద్ది తినేటప్పుడు సమ్మెటలు ఆగిపోతాయి. అప్పుడు, నాయన చేత ఆ పాత కట్టడి సడలింపజేసి, నన్ను ఆయనతో పాటు అడుగుకు దింపి, తను పైన గొడుగేసుకుని కూర్చునేది. నేను కింద నుంచి పద్యం పాడాలి. మొదట్లో అరిచేదాన్ని. అరుపు నాలుగు వైపులా రాతిగోడలకు కొట్టుకుని, ఒక మాట మీద ఇంకో మాట పడి, పైకి వట్టి రొద పోయేది. "ఏమో గోల వినపడతాండాది. పద్యం వినపడలా!" అని పై నుంచి కేక. రోజుల తరబడి అంతే. ఏడుపొచ్చి ఒక దినం అరిచే ఓపిక కూడా లేక, మామూలు గొంతుతో, ప్రతి అక్షరం పెదాల దగ్గరికి తెచ్చి వదిలాను. పైన గొడుగు కదిలింది. మా నాయన పక్కన రొట్టె తింటున్న మనుషులు నమలడం ఆపారు. "ఆ, అదీ!" అంది పై నుంచి. ఆమె మెచ్చుకోలు ఎప్పుడైనా అంతే, అంతకు మించి నేను ఎరగను.

అట్లా మూడేండ్లు నేర్చుకున్నాను. స్వాతంత్య్రం వస్తుందని ఊళ్లో అందరూ చెప్పుకుంటున్న రోజులు. ఆ ఏడు శివరాత్రికి మహానంది తిరనాళలో ఆడేందుకు ఒక కంపెనీ వస్తూ, దారిలో దాని మేనేజరు పాత పరిచయం కొద్దీ పెద్దమ్మ ఇంట్లో దిగాడు. తమ కవి కొత్తగా రాసిన నాటకమట. రాజు నిందవేసి అడవికి పంపిన రాణి, ఏండ్ల తర్వాత నిండు సభలో నిలబడి అతన్ని నిలదీసే కథ. రాణి వేషానికి మంచి గొంతున్న మగవాడు దొరకలేదని వాపోయాడు. పెద్దమ్మ నన్ను పిలిచి ఒక పద్యం పాడించింది. మేనేజరు విని, "గొంతు బంగారం. పేరే అడ్డం. రూతమ్మ అంటే తిరనాళకొచ్చే జనం ఏమనుకుంటారో. ఏదన్నా దేవత పేరు పెడదాం" అన్నాడు.

నాకు ఎక్కడ నుంచి ధైర్యం వచ్చిందో. "మా నాయన పెట్టిన పేరు మార్చను" అన్నాను.

పెద్దమ్మ నా వైపు చూడకుండానే, "విన్నావు గదా. పేరు కావాలంటే ఆ పేరు, గొంతు కావాలంటే ఈ గొంతు. రెండూ ఒకటే మూటలో ఉండాయి" అంది. మూడో దినానికి తప్పెట కొట్టేవాడు మా పక్క ఊళ్లన్నీ తిరిగి, రాణి వేషంలో రూతమ్మ పాడుతుందని చాటాడు.

ఆ సాయంత్రమే మా చర్చి సంఘపెద్ద యాకోబు మా ఇంటికొచ్చాడు. మంచివాడే. మా అమ్మకు జ్వరమొస్తే రాత్రంతా ప్రార్థన చేసిన మనిషి. మంచం మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగకుండా పక్కన పెట్టాడు.

"దేవదానం, పిల్లకు పాట నేర్పిస్తాండావంటే కీర్తనల కోసమని ఊరుకున్యాం. ఇప్పుడు శివరాత్రి తిరనాళలో మొగానికి రంగు పూసుకోని ఆడతాదంట. ఇదేమప్పా?"

"ఆడేది ఒక ఆడమనిషి కష్టం కథన్నా. అందులో తప్పేముండాది?"

"తప్పో ఒప్పో సంఘం చూస్తాది. పిల్ల స్టేజీ ఎక్కితే నువ్వు ముందర నిలబడి పాట ఎత్తేది లేదు. ఎనక కూచోవాల."

పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. మా నాయన నేల వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఆ గొంతు నేనిచ్చింది కాదన్నా. ఇచ్చినాయన వద్దంటే ఆపుతా. ఆయన ఇంతవరకు నాతో ఏమీ అనలా."

ఆ ఆదివారం నుంచి మా నాయన చివరి చాప మీద, తలుపు పక్కన కూర్చున్నాడు. నోరు విప్పలేదు. ముందు వేరే ఎవరో పాట ఎత్తారు, అది సగంలో దారి తప్పింది. ఇంటికొచ్చి, "నేను పోను నాయనా, నాకేం వద్దు" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన నా మీద కోపం చేసింది అప్పుడే. "నేను ఎనక కూచునేది నీ పాట కోసం. నువ్వు మానుకుంటే ఉత్తపుణ్యానికి కూచున్నట్టయితాది. పాడు, పో!"

మహానందిలో మా పందిరి గుడికి దూరంగా, బండ్లు విప్పే మైదానం పక్కన వేశారు. చుట్టూ తడికెలు, ముందర చాపలు, స్టేజీకి రెండు పక్కలా గ్యాసు దీపాలు. కోనేట్లో మునిగి తడిబట్టలతోనే వచ్చి కూర్చున్న జనం. రాజు వేషం గౌరీనాథానిది. కంపెనీకి ఆయనే ప్రాణం. ఆయన రాగం తీస్తే చప్పట్లు ఆగేవి కావు. నన్ను చూసిన దగ్గర నుంచి ఆయనకు గిట్టలేదు. "ఆడపిల్ల గొంతు మూడో వరస దాటదు. వెనకవాళ్లు లేచి పోతే నా పేరు పోతుంది" అని మేనేజరుతో నేను వినేటట్టే అన్నాడు.

సభ ఘట్టం వచ్చింది. రాజు ఒక పద్యం, రాణి ఒక పద్యం, ఎదురెదురు వాదన. ముందు అనుకున్న శ్రుతిలో మొదటి జత బాగానే నడిచింది. నా పద్యానికి జనం చప్పట్లు కొట్టారు. అది ఆయనకు సరిపడలేదు. పక్కన హార్మోనియం వాయించే దస్తగిరి సాయబు వైపు తిరిగి, వేలు పైకి చూపించాడు. సాయబు నా వైపు జాలిగా చూసి శ్రుతి ఒక మెట్టు పెంచాడు. గౌరీనాథం గొంతు ఖంగుమని లేచింది. ఆ శ్రుతిలో నేను ఎన్నడూ పాడి ఎరగను. అయినా అందుకున్నాను. ఆయన మళ్లీ వేలు పైకెత్తాడు. ఇంకో మెట్టు. ఈసారి పద్యం పాడుతుంటే ఆయన మెడ నరాలే ఉబ్బాయి. అయినా పూర్తి చేసి, పైపంచె విసురుగా సర్దుకుని, ఇక పాడు చూస్తాం అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అరవాలనిపించింది. అరిచి ఉంటే అక్కడికే నా కథ ముగిసేది. ఊపిరి నింపుకుని, గొంతు బిగించకుండా, ఆయన కళ్లలోకి చూస్తూ మొదటి మాటను పాడినట్టు కాక, నిలదీసి అడిగినట్టు అన్నాను. తర్వాత రెండోది. ఒక్కో మాట వదులుతుంటే చాపల మీద గుసగుసలు ఆగాయి, పిల్లల ఏడుపులు ఆగాయి. తడికెల అవతల బొరుగులు అమ్ముకునేవాడు కేకలు ఆపాడు. చివరి పాదం దగ్గర రాగం తీసుకున్నాను. అది పైకి పోతూ పోతూ, నాకే తెలియని చోటికి పోయి, ఏ వణుకూ లేకుండా నిలబడింది. దిగి వచ్చి ఆఖరి మాటను ఆయన కాళ్ల ముందు పెట్టినట్టు వదిలాను.

తర్వాత వెనక వరసలో నుంచి, బండ్లు తోలేవాళ్లు కూర్చున్న చోట నుంచి లేచింది, "వన్స్‌మోర్!" అని. పందిరంతా అందుకుంది. మళ్లీ పాడాను. మళ్లీ అడిగారు. మళ్లీ పాడాను. ఆ తర్వాత పద్యం గౌరీనాథానిది. ఆయన గొంతు సవరించుకుని, దస్తగిరి సాయబు వైపు వంగి, వేలు కిందికి చూపించాడు. ముందు వరసవాళ్లు అది చూశారు. చూసి వెనకవాళ్లకు చెప్పారు. అప్పుడు లేచిన కేకలు, ఈలలు, నవ్వులు నా చెవుల్లో ఈనాటికీ ఉన్నాయి. దస్తగిరి సాయబు తల వంచుకుని నవ్వు దాచుకుంటూ శ్రుతి దించాడు.

తెర దిగాక పెద్దమ్మ లోపలికొచ్చి, "రెండో పద్యంలో ఒక మాట తిన్నావు" అని చెప్పి వెళ్లిపోయింది. ముఖం రంగు కడుక్కోకుండానే నేను మా నాయన కోసం బయటికి పరుగెత్తాను. నాటకం చూడకూడదన్న సంఘం మాట మన్నించి ఆయన పందిట్లోకి రాలేదు. తడికెల అవతల బండి పక్కన నిలబడి ఉన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "బయటికి గూడా ప్రతి మాటా వినపడింది మే" అన్నాడు. అంతలో ఆయన వెనక నెత్తిన దుప్పటి కప్పుకున్న మనిషి ఒకరు పక్కకు తిరగబోయారు. చూస్తే యాకోబు. సంఘంలో నుంచి ఎవరెవరు నాటకానికి పోతారో చూద్దామని వచ్చి, తొలి నుంచి చివరి దాకా కదలకుండా విన్నాడట. నన్ను చూసి, "చలిగా ఉండాది పాపా, గొంతు జాగ్రత్త" అన్నాడు.

మరుసటి మజిలీ నంద్యాలలో, తెర లేవకముందు గౌరీనాథం దస్తగిరి సాయబు దగ్గరికి పోయి, "ఇక నుంచి అమ్మాయి శ్రుతికే పెట్టండి" అని చెప్పడం నేను విన్నాను. ఆ రాజు, ఈ రాణి కలిసి ఆ తర్వాత ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, రాజంపేట, పత్తికొండ, ఎన్ని ఊళ్లు తిరిగామో.

మేం మజిలీ ముగించుకుని వచ్చిన వారంలో యాకోబు తన కూతురు మార్తను వెంటబెట్టుకుని సంత వీధికి వచ్చాడు. "కీర్తనలకే నేర్పించు తల్లీ. వేరే ఉద్దేశం లేదు" అన్నాడు పెద్దమ్మతో. పెద్దమ్మ నా వైపు చెయ్యి చూపి, "నాకు వయసైపోయింది. నేర్పేది ఇంక ఆమె. ఆమెనే అడుగు" అంది.

నేను నోరు తెరిచి, "మా నాయన..." అన్నానో లేదో, యాకోబు చెయ్యి అడ్డం పెట్టాడు. "మొదట మీ ఇంటికే పోయొచ్చినా పాపా. వచ్చే ఆదివారం ఆయనే ఎత్తాల. ఆయన లేని పాట మాకు పాటగా లేదు."

ఆ ఆదివారం చర్చిలో నిలబడడానికి చోటు లేకపోయింది. మా నాయన ముందుకు పోయి నిలబడ్డాడు. పాట ఎత్తబోయి ఆగాడు. జనం ఓపిగ్గా కాచుకున్నారు. ఆయన కళ్లు తుడుచుకుని మొదలుపెట్టాడు. అంత బాగా ఆయన పాడింది నేను అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

ఇప్పుడు కడపలో నా దగ్గరికి వచ్చే పిల్లలవి మంచి గొంతులు. కొన్ని నాకంటే మంచివి. శ్రుతి సెల్‌ఫోన్‌లో మోగుతుంది, పాఠం అందులోనే నిలిచి ఉంటుంది, ఎన్నిసార్లయినా వినొచ్చు. మాకు ఒకసారి విన్నది మరిచిపోతే మళ్లీ పెద్దమ్మ మాట్లాడే వేళ దాకా కాచుకోవాలి. ఆడపిల్ల పాడుతుందంటే ఇప్పుడు తల్లిదండ్రులే స్కూటర్ మీద తెచ్చి దించిపోతారు, ఎవరూ ఎవర్నీ వెనక కూర్చోబెట్టరు. ఆ కాలమే బాగుండేదని నేను అనను. మా అమ్మ చెయ్యి పొయ్యి దగ్గర ఆగిపోయిన ఆ సాయంత్రం ఏ పిల్లకూ వద్దు. కాకపోతే ఈ పిల్లలు పాడుతుంటే, ఎవరికి వినపడాలని పాడుతున్నారో అప్పుడప్పుడు నాకు తెలియదు. అందుకని మిద్దె మీదికి ఎక్కి, వీధి చివర అరుగు మీద కూర్చున్న ముసలాయనకు మాట అందేలా పాడమంటాను. వాళ్లు మొదట సిగ్గుపడతారు. ఆయన అక్కడ నుంచి చెయ్యి ఊపితే ఎగిరి గంతేస్తారు.

నేను స్టేజీ మీద ఎన్నో గెలుపులు చూశాను. పతకాలు వచ్చాయి, శాలువాలు వచ్చాయి. నాకు మాత్రం ఒక మామూలు పొద్దున మరిచిపోవడానికి లేదు. మార్తది సన్నటి గొంతు, బిడియం. నెలలు గడిచినా నోట్లోనే గొణిగేది. నేను కసురుకోవడం మాని, ఆ దినం ఆమె ఎదురుగా కూర్చుని ఊరికే మాట్లాడించాను. వాళ్ల చెల్లెల్ని సంతలో తప్పిపోయిందనుకుని పిలిచినట్టు పిలవమన్నాను. ఆమె పిలిచింది. అదే గొంతుతో, ఊపిరి తీసుకోకముందే, కీర్తన ఎత్తించాను. ఇల్లంతా నిండింది. తనదేనా ఆ గొంతు అన్నట్టు పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దమ్మ జొన్నపిండి చేతులతోనే వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఎవరు పాడింది? నువ్వా?"

"నేను కాదు పెద్దమ్మా. మార్త."

ఆమె మార్త వైపు చూసింది, నా వైపు చూసింది. పిండి చేతులు రెండూ తెచ్చి నా చెంపల మీద పెట్టింది.

"ఇప్పుడొచ్చింది మే నీకు పాట" అంది.